పూల్ టేబుల్ దగ్గర ఏది మేలు: సీనియర్ మాటా, సీనియర్ చెయ్యా?

గాజువాకలో నేను ఆడే పూల్ పార్లర్‌లో సలహా ఇవ్వని మనిషి కనబడడు. నేను ఆట నేర్చుకున్న రోజుల్లో నాకు శిక్షకుడంటూ ఎవరూ లేరు. పక్క టేబుల్ మీద ఆడే పెద్దలే గురువులు. వాళ్ళలో ఒకాయనను నేను ఇప్పటికీ అన్నయ్యా అనే పిలుస్తాను. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి నేరుగా టేబుల్ దగ్గరకు వచ్చే మనిషి ఆయన. ఆయన చెప్పే మాటకూ ఆడే ఆటకూ మధ్య తేడాను చాలా ఏళ్ళుగా గమనిస్తున్నాను కాబట్టి, కొత్తగా క్యూ (బంతిని కొట్టే కర్ర) పట్టినవాళ్ళు ఎవరిని ఎంతవరకు అనుసరించాలో చెప్పగలనని అనుకుంటున్నాను.

కిందటి ఆగస్టులో ఒక సాయంత్రం ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రవాడికి ఆఖరి నల్ల బంతి మిగిలింది. అది మధ్య పాకెట్‌కు జానెడు దూరంలో ఉంది. కుర్రవాడు వంగి, లేచి, మళ్ళీ వంగాడు. అన్నయ్య కుర్చీలోంచే, “తమ్ముడూ, సైడ్ పెట్టకు. బంతి మధ్యలో కొట్టు. కొట్టాక కూడా వంగే ఉండు” అన్నారు. క్యూతో కొట్టేది తెల్ల బంతిని, అది వెళ్ళి మిగతా బంతులను తాకాలి; ఆ తెల్ల బంతిని మధ్యలో కాకుండా పక్కగా కొట్టడమే సైడ్ పెట్టడం. కుర్రవాడు అలాగే చేశాడు, బంతి పడింది. తరవాతి ఆటలో, అంటే తరవాతి ఫ్రేమ్‌లో దాదాపు అలాంటి నల్ల బంతే అన్నయ్యకు వచ్చింది. ఆయన కుడి సైడ్ పెట్టి కొట్టారు. తెల్ల బంతి ఇంకా దారిలో ఉండగానే తలెత్తారు. నల్ల బంతి పాకెట్ అంచుకు తగిలి, వణికి, అక్కడే నిలిచిపోయింది. స్కోరు రాసే మార్కర్ ఆ కుర్రవాడి వైపు చూశాడు, కుర్రవాడు నేల చూశాడు. ఆ కుర్రవాడు ఇకపై ఆయన మాట వినాలా, ఆయన చేతిని చూసి నేర్చుకోవాలా, లేక రెండూ వదిలేసి ఒంటరిగా సాధన చేయాలా?

ముందు మాట సంగతి చూద్దాం. సైడ్ పెట్టవద్దనే సలహాకు గట్టి కారణం ఉంది. తెల్ల బంతిని మధ్యకు కుడివైపు కొడితే, అది గురిపెట్టిన గీత మీద పోకుండా మొదట కొద్దిగా ఎడమకు తప్పుకుంటుంది. తరవాత గుడ్డ మీద దొర్లుతూ కుడికి వంగుతుంది. ఎంత తప్పుకుంటుందన్నది క్యూను బట్టి, ఎంత వంగుతుందన్నది దెబ్బ వేగాన్ని, గుడ్డ స్థితిని బట్టి మారుతుంది. విశాఖ గాలిలో ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. సముద్రపు చెమ్మను ఉన్ని గుడ్డ పీల్చుకుంటుంది, బంతులు బరువుగా దొర్లుతాయి, జనవరిలో కుదిరిన లెక్క ఆగస్టులో కుదరదు. పెద్ద స్నూకర్ పోటీల్లో టేబుల్ రాతి పలకను కింది నుంచి వేడిచేసేది కూడా ఈ చెమ్మను దూరంగా ఉంచడానికే. ఇదంతా నాకు చెప్పింది అన్నయ్యే. పైగా నల్ల బంతి తరవాత కొట్టవలసిన బంతి మరొకటి లేదు. తెల్ల బంతి ఏ పాకెట్‌లోనూ పడకపోతే చాలు, ఎక్కడ ఆగినా ఒకటే. ఆ సైడ్ అవసరమే లేనిది. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయనకు స్పష్టంగా కనబడిన ఈ విషయం, క్యూ చేతిలోకి రాగానే అలవాటు కింద మరుగున పడిపోయింది.

దీన్ని కపటమని నేను అనలేను. 2014లో ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, మనుషులు తమ సమస్య గురించి కంటే స్నేహితుడి సమస్య గురించి వివేకంగా ఆలోచిస్తారని చూపించారు. ఊరందరికీ తీర్పు చెప్పి తన ఇంటిని దిద్దుకోలేకపోయిన సొలొమోను రాజు పేరే దానికి పెట్టారు. వాళ్ళు పరిశీలించింది ప్రేమబంధాల్లోని నమ్మకద్రోహం గురించిన ఆలోచనను, పూల్‌ను కాదు. అయినా టేబుల్ దగ్గర నేను చూసేది అచ్చంగా ఇదే.

ఎనిమిది బంతుల ఆటలో ఇది మరింత బాగా తెలుస్తుంది. ఒకరికి 1 నుంచి 7 వరకు, రెండోవారికి 9 నుంచి 15 వరకు. తన ఏడూ వేశాకే నల్ల ఎనిమిదిని వేయాలి. అతుక్కుపోయిన రెండు బంతులు ఉంటే వాటిని విడదీసే దారి ముందే చూసుకోవాలనీ, ఆ దారి లేనప్పుడు సులువైన బంతులను ఖాళీ చేయడం మొదలుపెట్టవద్దనీ సీనియర్లందరూ చెబుతారు. ఎందుకంటే, టేబుల్ మీద ఉన్నంతసేపు మన బంతులు ఎదుటివాడి దారికి అడ్డుగోడలు. అయిదు వేసి రెండు మిగిల్చుకున్నవాడు, తన చేతులతోనే ఆ గోడలు పడగొట్టి ఎదుటివాడికి మైదానం అప్పగించినట్టే. ఇంత తెలిసినవాళ్ళు కూడా తమ వంతు రాగానే వరసగా అయిదు వేసి, ఆరోదాని దగ్గర బుర్ర గోక్కుంటారు. బంతి పాకెట్‌లో పడే చప్పుడుకు ఒక ఆకర్షణ ఉంది. సేఫ్టీ ఆడి, అంటే బంతి వేయబోకుండా ఎదుటివాడికి దెబ్బ కుదరనట్టు తెల్ల బంతిని చాటున పెట్టేవాడికి ఆ చప్పుడు దక్కదు, చుట్టూ నిలబడ్డవాళ్ళ మెప్పూ దక్కదు. ఏ బంతిని ఎంచుకోవాలి, ఎప్పుడు ఆగాలి, సైడ్ కావాలా వద్దా అనే నిర్ణయాల్లో, సీనియర్ ఏం చేశాడన్నది పక్కనపెట్టి ఆయన ఏం చెప్పాడన్నదే పట్టుకోవాలి. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

శరీరానికి సంబంధించిన సలహాల్లో మాత్రం తక్కెడ రెండోవైపు మొగ్గుతుంది. “క్యూను వదులుగా పట్టుకో” అని అన్నయ్య ప్రతి ఒక్కరికీ చెబుతారు. ఆ మాట నమ్మి నేను ఆరు నెలల పాటు క్యూను నిజంగానే వదులుగా పట్టుకున్నాను. దెబ్బ దెబ్బకీ క్యూ వెనక కొస పక్కకు ఊగేది. ఒకరోజు బంతులను వదిలేసి ఆయన కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. క్యూ వెనక్కి పోతున్నప్పుడు చివరి మూడు వేళ్ళూ తెరుచుకుంటున్నాయి, ముందుకు వస్తూ బంతిని తాకేసరికి మెత్తగా మూసుకుంటున్నాయి. ఆయన చెయ్యి మొదటి నుంచి చివరి దాకా వదులుగా లేదు. బిగుతు లేకుండా మూసుకుంటోంది, అంతే. పాతికేళ్ళుగా చేస్తున్న ఆ పని ఆయన మాటల్లోకి ఎన్నడూ రాలేదు.

అలాగే “ఎక్కువ ఆలోచించకు, కొట్టెయ్” అని కూడా ఆయన అంటారు. కానీ క్యూ పూర్తిగా వెనక్కి వెళ్ళాక ఆయన చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, కళ్ళు కొట్టబోయే బంతి మీద కదలకుండా నిలుస్తాయి. కెనడాకు చెందిన జోన్ వికర్స్ గురిచూసే ఆటల్లో ఇలా కదలకుండా నిలిచే చూపు గురించి పరిశోధించారు; 2002లో బిలియర్డ్స్ ఆటగాళ్ళ మీద వెలువడిన అధ్యయనంలో కూడా, దెబ్బకు ముందు నిపుణుల చూపు కొత్తవారి చూపు కంటే ఎక్కువసేపు నిలిచిందని తేలింది. ఇక్కడ ఆయన మాట విన్నవాడు తొందరపడతాడు, ఆయన చేతినీ కళ్ళనూ చూసినవాడు నేర్చుకుంటాడు.

ఇక ఒంటరి సాధన. తెల్ల బంతిని నిలువునా టేబుల్ అవతలి అంచున ఉండే కుషన్‌కు కొట్టి, తిరిగి వచ్చి క్యూ కొసనే తాకేటట్టు చేయడం దీనిలో మొదటి పాఠం. తెలియకుండా కొంచెం సైడ్ పడినా బంతి పక్కకు వచ్చి దొరికిపోతుంది. రోజూ పావుగంట ఇది చేయమని అన్నయ్య అందరికీ చెబుతారు, ఆయన చేయగా నేను చూడలేదు. దానికి నేను ఆయనను తప్పుపట్టను. టేబుల్‌కు గంట లెక్కన డబ్బు. ఇద్దరు ఆడితే ఓడినవాడు కడతాడు, ఒక్కడే ఆడితే ఆ ఒక్కడే కట్టుకోవాలి. పైగా షిఫ్టు దిగి వచ్చిన మనిషికి కావలసింది పాఠం కాదు, తోడు. కుర్రవాళ్ళు మాత్రం మధ్యాహ్నం ఖాళీ వేళల్లో ఈ సాధన తప్పక చేయాలి, ఫోన్‌ను కిటికీ గట్టు మీద నిలబెట్టి తమ దెబ్బను చిత్రీకరించుకోవాలి. తల ఎత్తారో లేదో ఫోన్ మొహమాటపడకుండా చెబుతుంది. అయితే ఏ బంతిని వేయకుండా వదలాలో ఫోన్ చెప్పలేదు కాబట్టి, ఒంటరి సాధన ఒక్కదానితో ఆట రాదు.

గ్రాస్‌మన్, క్రాస్‌ల అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి తన సమస్యను బయటివాడిలా నిలబడి చూసుకున్నప్పుడు, ఆ తేడా పోయింది. దీన్ని ఒక ఆదివారం అన్నయ్యకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే నాతో ఆడుతూ, చిక్కు బంతి ఒకటి వచ్చినప్పుడు వంగబోయి ఆగారు. రెండడుగులు వెనక్కి వచ్చి, క్యూ కొసకు చాక్ రాసుకుంటూ, “ఇది నీ షాట్ అయితే నేను ఏమనేవాడిని?” అని అడిగారు. “సేఫ్టీ ఆడమనేవారు” అన్నాను. ఆయన తల ఊపి, తెల్ల బంతిని మెల్లగా తోసి నా రెండు బంతుల వెనక దాచారు. నేను ఫౌల్ చేశాను. ఆ ఫ్రేమ్ టేబుల్ డబ్బు నేనే కట్టాను.