బాన్ఫ్ సరస్సులు: ముందు బస్సు టికెట్, తర్వాతే హోటల్

కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కులో మొరేన్, లూయిస్ సరస్సులు చూద్దామని కాల్గరీకి ఫ్లైట్ బుక్ చేసి, హోటల్‌కి డబ్బు కట్టి, కారు కూడా మాట్లాడుకున్నాక చాలామందికి అసలు సంగతి తెలుస్తుంది: 2023 నుంచి మొరేన్ లేక్ రోడ్డు మీదకి సొంత కార్లనీ అద్దె కార్లనీ రానివ్వడం లేదు. మ్యాప్ దారి చూపిస్తుంది కదా అని నమ్మి వెళ్తే మలుపు దగ్గరే సిబ్బంది ఆపి వెనక్కి తిప్పేస్తారు. బతిమాలినా లాభం లేదు. అందుకే ఈ ట్రిప్పుని బస్సు టికెట్‌తో మొదలుపెట్టాలి.

పార్కులు చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా. సరస్సులకి అది నడిపే షటిల్ బస్సుల టికెట్లు రెండు విడతలుగా వదులుతారు. సీజన్ మొత్తానికి 40 శాతం సీట్లు ఏప్రిల్‌లో ఇస్తారు. మిగతా 60 శాతం ప్రయాణానికి సరిగ్గా రెండు రోజుల ముందు, మౌంటెన్ టైం (అక్కడి స్థానిక సమయం) ఉదయం 8 గంటలకి తెరుస్తారు. అంటే డాలస్‌లో 9, హైదరాబాద్‌లో సాయంత్రం 7:30. అకౌంట్ ముందు రోజే తెరిచి పెట్టుకోండి. 8 దాటాక పాస్‌వర్డ్ పెట్టుకుంటూ కూర్చుంటే పొద్దుటి స్లాట్లు ఎగిరిపోతాయి. లేక్ లూయిస్, మొరేన్ రెండూ కనిపిస్తే మొరేన్ ఎంచుకోండి. అక్కడి నుంచి లూయిస్‌కి కనెక్టర్ బస్సు అదే టికెట్ మీద వస్తుంది. స్లాట్ అంటే పార్క్ అండ్ రైడ్ (కారు వదిలి బస్సెక్కే చోటు) దగ్గర బస్సెక్కడానికి ఇచ్చే గంట వ్యవధి. తిరుగు బస్సుకి స్లాట్ ఉండదు, ముందు వచ్చినవాళ్లు ముందు ఎక్కాలి. సాయంత్రం నాలుగు దాటితే క్యూ బారెడవుతుంది. చివరి బస్సు టైం దిగగానే బోర్డు మీద చూసి పెట్టుకోండి. పైన సరస్సుల దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి టికెట్ క్యూఆర్ కోడ్‌ని ముందే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. పార్కులోకి వెళ్లడానికి కావాల్సిన పార్క్ పాస్ దీంట్లో కలవదు, విడిగా కొనాలి. ఒకే కారులో ఏడుగురి దాకా ఫ్యామిలీ పాస్ ఒకటి చాలు.

కారు లేనివాళ్లకి బాన్ఫ్ ఊళ్లోంచి రోమ్ (Roam) అనే స్థానిక బస్సు సర్వీసు వాళ్ల 8ఎక్స్ బస్సు నేరుగా లేక్ లూయిస్ ఒడ్డుకి వెళ్తుంది. రోమ్ సూపర్ పాస్ తీసుకుంటే కనెక్టర్‌లో మొరేన్‌కి కూడా వెళ్లొచ్చు. లూయిస్ ఒడ్డున పార్కింగ్ ఉంది గానీ, వేసవిలో తెల్లారకముందే నిండిపోతుంది, పైగా ఫీజు. అక్కడ చోటు దొరుకుతుందన్న ఆశతో ప్లాన్ వేయకండి.

బస ఎక్కడ? లేక్ లూయిస్ గ్రామంలో గదులు తక్కువ, రేట్లు ఎక్కువ. బాన్ఫ్ ఊరు అక్కడికి 57 కిలోమీటర్లు, బస్సులూ హోటళ్లూ అన్నీ ఉంటాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తుంటే మాత్రం కాన్‌మోర్‌కే నా ఓటు. అది పార్కు బయట, బాన్ఫ్‌కి పాతిక కిలోమీటర్ల లోపే. వంటగది ఉన్న కాండోలు అక్కడ దొరుకుతాయి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే సరస్సు దగ్గర తిండి కోసం వెతుక్కోనక్కర్లేదు. శాకాహారులకి పైన దొరికేది అంతంతమాత్రమే.

మొరేన్ రోడ్డు సుమారుగా జూన్ మొదటి నుంచి అక్టోబర్ మధ్య దాకానే తెరుస్తారు. జూన్ మొదటి వారంలో వెళ్తే నీళ్లు అడుగున ఉంటాయి, ఒడ్డంతా బురద. హిమానీనదం కొండరాతిని రుబ్బురోట్లో రుబ్బినట్టు మెత్తటి పిండి చేస్తుంది. మంచు కరిగిన నీళ్లతో ఆ పిండి సరస్సులోకి దిగి, నీళ్లలో తేలుతూ ఎండని చెదరగొడితేనే ఆ నీలం. అందుకే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా మంచి రంగు. సెప్టెంబర్ రెండో సగంలో లార్చ్ చెట్లు పసుపెక్కుతాయి, టికెట్లకి అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ.

మొరేన్‌లో బస్సు దిగగానే ఒడ్డున ఆగిపోకుండా రాక్‌పైల్ అనే రాళ్ల గుట్ట ఎక్కండి. పది నిమిషాల మెట్లదారి. పాత కెనడా 20 డాలర్ల నోటు మీద ఉన్న పది శిఖరాల దృశ్యం ఆ పైనుంచే. దారి వదిలేసి ఎదురుగా ఉన్న బండల మీద పాకేవాళ్లే కాళ్లు బెణికించుకుంటారు. పొద్దుటి ఎండ శిఖరాలకి ఎదురుగా పడుతుంది, మధ్యాహ్నం దాటితే సూర్యుడు వాటి వెనక్కి పోయి ఫోటోలు వెలవెలబోతాయి. లూయిస్‌లో ఒడ్డు వెంట 2 కిలోమీటర్ల చదునైన దారి ఉంది, స్ట్రోలర్ కూడా పోతుంది. మోకాళ్లు బాగుంటే ఆగ్నెస్ టీ హౌస్ దాకా ఎక్కొచ్చు, ఒకవైపు మూడున్నర కిలోమీటర్లు, దాదాపు 400 మీటర్ల ఎత్తు. పడవ అద్దె వంద డాలర్లు దాటుతుంది, ఆ డబ్బుకి తగ్గ ముచ్చట కాదు.

రెండో రోజు కారులో పేటో లేక్‌కి వెళ్లండి, లూయిస్‌కి ఉత్తరంగా 40 కిలోమీటర్లు. దీనికి షటిల్ బుకింగ్ అక్కర్లేదు. నీళ్ల మీద ఎండ పడే మధ్యాహ్నమే మేలు. దారిలో బో లేక్ రోడ్డు పక్కనే. పెట్రోల్ లూయిస్‌లోనే పోయించుకోండి.

జూలైలో కూడా పొద్దున 5 డిగ్రీలు ఉండొచ్చు, జాకెట్ తప్పనిసరి. హెచ్‌-1బి మీద అమెరికాలో ఉన్నవాళ్లకి కెనడా వీసా వేరే కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే దానితో పాటు పాస్‌పోర్టు చాలు. ఎలుగుబంటికి 100 మీటర్లు, ఎల్క్‌కి (పెద్ద జింక) 30 మీటర్లు దూరం పాటించాలి. ఎలుగుబంటి మీదకొస్తే కొట్టే బేర్ స్ప్రే బ్యాగు అడుగున కాదు, నడుముకి కట్టుకోవాలి. దాన్ని కొనేకన్నా ఊళ్లో అద్దెకి తీసుకోండి: చెక్‌-ఇన్ లగేజీలో పెట్టినా విమానంలోకి రానివ్వరు.