అభ్యర్థి నడవడిక తెలుసుకోవడానికి కేవైసీ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

కేంద్ర ఎన్నికల సంఘం 2022లో తెచ్చిన ‘నో యువర్ క్యాండిడేట్’ (మీ అభ్యర్థిని తెలుసుకోండి, పొట్టిగా కేవైసీ) యాప్‌ను నేను శ్రద్ధగా వాడింది 2024 ఎన్నికలప్పుడు. అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా ప్రచార రథాల మైకులు హోరెత్తుతున్న ఆ రోజుల్లో, గడప దగ్గరికి వచ్చి చేతులు జోడించిన ప్రతి అభ్యర్థీ మంచివాడిగానే కనిపించాడు. ఆ మంచితనంలో నిజమెంతో తేల్చుకోవడానికి ఓటరు చేతికి ప్రమాణపూర్వకంగా అందే పత్రం ఒక్కటే ఉంది. అది నామినేషన్‌తో పాటు అభ్యర్థి సమర్పించే ఫారం 26 అఫిడవిట్. దాన్ని మన ఫోన్‌లోకి తేవడమే ఈ యాప్ చేసే అసలైన మేలు.

ఈ హక్కు ఊరికే రాలేదు. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పు చెప్పింది. దాన్ని నీరుగార్చేలా పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 33బి సెక్షన్‌ను 2003 మార్చిలో కొట్టేసింది. ఇంత పోరాటంతో దక్కిన సమాచారాన్ని చదవకుండానే ఓటు వేయడం నాకు బాధ కలిగిస్తుంది.

నియోజకవర్గాన్ని ఎంచుకుంటే అభ్యర్థుల ఫొటోలు, పార్టీలు, నేరచరిత్ర ఉందా లేదా అన్న సమాచారం, అఫిడవిట్ ప్రతి కనిపిస్తాయి. చాలామంది ఆ ‘ఉంది’ లేదా ‘లేదు’ దగ్గరే ఆగిపోతున్నారు, అసలు చదవవలసింది ఆ తర్వాతే. అఫిడవిట్ తెరిస్తే ఏ పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది, ఏ కోర్టులో ఉంది, ఏ సెక్షన్ల కింద పెట్టారు, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నవి వరుసగా ఉంటాయి. ఐపీసీ 143, 188, 341, రైల్వే చట్టం 174 వంటివి మాత్రమే కనిపిస్తే అవి సాధారణంగా ధర్నాకో రాస్తారోకోకో రైలు రోకోకో సంబంధించిన కేసులై ఉంటాయి. హంద్రీ-నీవా నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చున్న మనిషి మీద అలాంటి కేసు ఉంటే దాన్ని మచ్చగా లెక్కించడం అన్యాయం. 302 (హత్య), 307 (హత్యాయత్నం), 420 (మోసం) సెక్షన్లు కనిపించి, అభియోగాలు కూడా నమోదై ఉంటే అది పూర్తిగా వేరే సంగతి. కేసులున్న నాయకుడే గట్టివాడని మెచ్చుకునే పాత అలవాటు మన సీమలో ఇంకా పూర్తిగా పోలేదు కనుక, ఈ తేడా తెలుసుకోవడం మనకు మరింత అవసరం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి ఇకమీదట హత్య కేసు 103గా, హత్యాయత్నం 109గా, మోసం 318గా కూడా కనిపించవచ్చు.

నాకు అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పింది ఆస్తుల పట్టిక. భూమి ఎక్కడుంది, సర్వే నంబరు ఎంత, వారసత్వంగా వచ్చిందా లేక కొన్నదా, కొంటే ఏ తేదీన ఎంతకు కొన్నారు, ఇప్పటి మార్కెట్ విలువ ఎంత అన్నవన్నీ అందులో రాయాలి. రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్‌గా పనిచేసే మా మిత్రుడు ఒక అభ్యర్థి పట్టికను నా ఫోన్‌లో వేలితో పెద్దది చేసి చూసి, ఊరికి ఆనుకుని ఉన్న ఒక సర్వే నంబరు దగ్గర ఆగి, “అన్నా, ఈ రేటుకి ఇక్కడ సెంటు కూడా రాదు, ఈయన ఎకరాకి రాసినాడు” అన్నాడు. ప్రభుత్వ విలువ వేసి రాసుంటే అది నేరం కాకపోవచ్చు, కానీ మార్కెట్ విలువ అడిగిన చోట అంత తక్కువ రాయడం ఆ మనిషి దాపరికం గురించి కొంత చెబుతుంది. అదే అభ్యర్థి గత ఎన్నికల్లో ఇచ్చిన అఫిడవిట్ కూడా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, మధ్య ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల్లో చూపిన సంపాదనతో కొత్త ఆస్తులు కొనడం సాధ్యమా అని ఆలోచిస్తే, ఏ బహిరంగ సభలోనూ బయటపడని సంగతులు బయటపడతాయి.

లోపాలూ ఉన్నాయి. అఫిడవిట్లు స్కాన్ చేసిన కాగితాలు కావడం వల్ల కొన్నిచోట్ల నోటరీ ముద్ర కింద అక్షరాలు కనపడవు, కావలసిన మాటను వెతికే వీలు ఉండదు, పెద్దవాళ్లు చిన్న తెర మీద చదవలేరు. అంతకంటే ముఖ్యమైనది, ఇదంతా అభ్యర్థి స్వయంగా చెప్పుకున్నదే. ఏ గడీ ఖాళీగా వదలకూడదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ రాసినదాని నిజానిజాలను రిటర్నింగ్ అధికారి విచారించరు. తప్పుడు అఫిడవిట్‌కు అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు మాత్రమే జైలు శిక్ష ఉంది, అది చాలదని నా అభిప్రాయం.

సమయం కూడా తక్కువే. 2024లో నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్ 29న ముగిస్తే మే 13న పోలింగ్ జరిగింది. కాబట్టి ఉపసంహరణ దాకా ఆగకుండా నామినేషన్ల దశలోనే చదవడం మొదలుపెట్టాలి. కేసులున్న అభ్యర్థులు ప్రచారం ముగిసేలోగా మూడుసార్లు పత్రికల్లోనూ టీవీల్లోనూ ఇవ్వవలసిన ప్రకటనలను కూడా వెతికి, అఫిడవిట్‌తో సరిపోల్చాలి.

అభ్యర్థి తన కార్యకర్తను నలుగురిలో ఎలా గదమాయిస్తాడో, గెలిచాక ఫోన్ ఎత్తుతాడో లేదో ఏ అఫిడవిట్లోనూ ఉండదు. దానికి ఊళ్లో విచారించుకోవడమే మార్గం. అయినా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు ఈ యాప్‌ను ప్రతి ఓటరూ వాడాలని గట్టిగా చెబుతాను. మున్సిపల్, పంచాయతీ ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి, వాటి కోసం ఇందులో వెతికి ప్రయోజనం లేదు.