కాలువ గట్టు మీదుగా కాకినాడకి

రాజమండ్రి నుంచి కాకినాడకి త్వరగా వెళ్లాలంటే ఏడీబీ రోడ్డే (ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేసిన రోడ్డు) మేలు. మేం మాత్రం సంక్రాంతి వెళ్లాక, బిక్కవోలులో అమ్మకున్న మొక్కు తీర్చడానికి కెనాల్ రోడ్డు పట్టాం. ధవళేశ్వరం, కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట... 60 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆగుతూ వెళ్లేసరికి పొద్దుగూకింది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాక గానీ ఈ రోడ్డు సంగతి నా బుర్రకెక్కలేదు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. కాటన్ దొర కాలువల్ని సాగుకే కాదు, పడవలు తిరగడానికీ పనికొచ్చేలా తవ్వించాడు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్లు. ఇప్పుడు అలాంటి గట్టు మీదే ధాన్యం లారీలు, బస్సులు నడుస్తున్నాయి. ఇన్ని వంకరలెందుకని ఎన్నాళ్లుగానో రోడ్డేసినవాళ్లని తిట్టుకునేవాణ్ణి. కాలువ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతోంది మరి!

వేమగిరి దాటాక కడియం నర్సరీలు. పూల కుండీల దగ్గర మా ఆవిడ గంటసేపు ఆపింది. బేరమాడితే తగ్గిస్తారు, మొహమాటపడకండి. రెండు మందార మొక్కలు డిక్కీలో పెట్టించాం. ద్వారపూడి అయ్యప్ప గుడి బాగుంది, మాల వేసుకునే రోజుల్లో అయితే కారు పెట్టుకోవడానికే చోటుండదట. అనపర్తి దగ్గర రైస్ మిల్లుల ఊక ధూళికి అద్దాలు ఎత్తేసుకున్నాం.

అసలు టెన్షన్ పడింది అనపర్తి దాటాకే. ఎదురుగా రోడ్డంతా తనదే అన్నట్టు గడ్డి ట్రాక్టర్ వచ్చింది. ఎడమ చక్రం గట్టు అంచుకి దింపాను. పక్కకి చూస్తే రెయిలింగ్ లేదు, కింద ఎర్రటి నీళ్లు. గడ్డి అద్దానికి రాసుకుంటూ పోయింది. వెనక సీట్లోంచి అమ్మ "నాయనా, నువ్వు అటు చూడకు" అంది. చీకటి పడ్డాక ఈ రోడ్డు మీద బండి తోలకండి.

బిక్కవోలు గుళ్ల కోసమైనా ఈ దారిన రావాలి. 9వ శతాబ్దం నాటి తూర్పు చాళుక్యులవి. ఊరి పేరు కూడా ఆ వంశపు రాజు గుణగ విజయాదిత్యుడి బిరుదు నుంచి వచ్చిందంటారు. వినాయకుడు నిలువెత్తు రాతి విగ్రహం, కోరిక ఆయన చెవిలో చెప్పాలి. అమ్మ కాళ్ల మునివేళ్ల మీద లేచి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపే చెప్పింది. వెనక లైన్లో ఒకాయన "అమ్మా, మాకూ కాస్త మిగల్చండి" అన్నాడు. పొలాల్లో విడివిడిగా ఉన్న పాత గుళ్లకి మాత్రం దారి చూపే బోర్డులు సరిగ్గా లేవు, అడుగుతూ వెళ్లాలి.

సామర్లకోట భీమేశ్వరాలయం రెండంతస్తులు. లింగం 14 అడుగులు, కింద పాదభాగం చూసి పైకెక్కితే శిరోభాగం కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల దగ్గర తొందరపడొద్దు.

కాకినాడలో రాత్రికి దిగిన లాడ్జి పేరు రాయను. ఫోన్లో వేడినీళ్లు ఉంటాయన్నారు. తీరా వెళ్తే ఒక్క గీజరు, అదీ పక్క గదిలో. దుప్పటి మార్చమంటే కుర్రాడు అదే దుప్పటిని తిరగేసి పరిచాడు. వెయ్యి మిగులుతుందని ఆశపడ్డాను, అంతే. భోజనానికి మాత్రం సుబ్బయ్య హోటల్‌కి వెళ్లాం, ఆ లోటు కాస్త తీరింది.

వెళ్లేవాళ్లు దాళ్వా (రెండో పంట వరి) నాట్ల వేళ చూసుకుని వెళ్లండి. వేసవిలో కాలువకి నీళ్లు ఆపేశాక గుర్రపుడెక్క, బురద తప్ప ఏమీ ఉండదు.