బడి యాప్‌కు నేనిచ్చే మార్కులు

తెనాలిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా వాడు నాలుగో తరగతి. వాడు చదివే ప్రైవేటు బడిలో రెండేళ్ల క్రితం డైరీ తీసేసి యాప్ పెట్టారు. బడి పేరు, యాప్ పేరు రాయను. వాడు ఇంకా అక్కడే చదవాలి కదా.

ముందు మంచి చెబుతాను. బస్సు ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుంది. ఇదివరకు నాలుగు కాకముందే పని ఆపేసి వీధి చివర ఎండలో నిలబడేదాన్ని. ఇప్పుడు బస్సు వంతెన దిగిందని చూశాక లేచినా సరిపోతోంది. ఆ లోపు రెండు చేతులు అతుకుతాను. ఈ ఒక్కదానికి పూర్తి మార్కులు.

మిగతాదంతా ఇంగ్లీషు. మా ఆయన లారీ మీద వెళితే వారం దాకా రారు, నాకు తెలుగు తప్ప చదవడం రాదు. హోంవర్కు ఏమిటో వాడినే అడగాలి, వాడు ఏమీ లేదంటాడు. ఒకరోజు పదకొండు దాటాక ఏదో సందేశం వచ్చింది. పక్క మందుల దుకాణం అబ్బాయికి చూపిస్తే, మీ వాడు ఈరోజు బడికి రాలేదని ఉందక్కా అన్నాడు. పొద్దున నేనే బస్సు ఎక్కించాను! కత్తెర అక్కడే పడేసి ఆటోలో పరుగెత్తాను. వాడు రెండో బెంచీలో కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నాడు. హాజరు వేసేటప్పుడు పక్క నంబరు నొక్కారట. బాలల దినోత్సవానికి అరవై నాలుగు ఫొటోలు పెట్టారు, వెతికితే ఒకదానిలో మా వాడి మోచెయ్యి దొరికింది. ఫీజు గడువు దగ్గరపడితే మాత్రం రోజూ మోగుతుంది. మార్కులు ఎప్పుడు పెడతారో చప్పుడే ఉండదు.

ఆ మార్కుల్లో తెలుగుకు ఎ2 అని ఉంది. సంతోషించాను. తరవాత ఒక ఆదివారం వాడి క్లాసు టీచరుగారే జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చారు. నేను పాత దినపత్రిక పరిచి కొలత కాగితం కత్తిరిస్తుంటే, మా వాణ్ణి పిలిచి అందులోని పెద్ద అక్షరాలు చదవమన్నారు. "రాష్ట్రంలో" అని ఉంటే వాడు "రాస్టంలో" అన్నాడు. "పాఠాలన్నీ కంఠతా వచ్చమ్మా, అందుకే మార్కులు పడుతున్నాయి. కొత్త మాటయితే వత్తుల దగ్గర ఆగిపోతాడు. మీకు చెబుదామంటే యాప్‌లో గ్రేడు పెట్టడమే తప్ప రాయడానికి చోటు లేదు" అన్నారామె. ఏడాదిగా ఆ ఫోను చెప్పని సంగతి చంక కొలత తీసేలోపు తెలిసింది.

మా చెల్లెలి కూతురు పక్క ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు చెల్లి నన్నూ తీసుకెళ్లింది. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు, పిల్లలతో కలిసి భోజనం. కొంత ఆర్భాటమే, కాదనను. కానీ మేష్టారు ప్రతి తల్లినీ పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి మాట్లాడారు. "అప్పు తెచ్చుకునే తీసివేతలు రావడం లేదమ్మా, ఇంట్లో చింతగింజలతో చేయించండి" అని చెల్లితో అన్నారు. చింతగింజలు లేని ఇల్లుంటుందా? చెల్లి బడి కమిటీలో సభ్యురాలు. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ముందడుగు గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై చెప్పడం టీచర్ల విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉందట. చట్టంలో ఫొటోల ఊసు లేదక్కా అని నవ్వింది.

ఆ టీచరుగారి జాకెట్టు ఇచ్చేటప్పుడు మిగిలిన గుడ్డతో అట్ట వేసిన నలభై పేజీల పుస్తకం ఒకటి కూడా ఇచ్చాను. శనివారం శనివారం ఒక్క ముక్క, తెలుగులో రాయండమ్మా అని అడిగాను. యాప్‌కు అయిదులో రెండు, రెండూ బస్సువే. పుస్తకంలో ఇప్పటికి మూడు వారాలు నిండాయి. మొన్నటిది ఇలా ఉంది: "య వత్తు కుదిరింది. ర వత్తు ఇంకా మింగేస్తున్నాడు. చక్రం, చిత్రం, పత్రిక రోజూ అయిదుసార్లు చదివించండి."