పరుపును కాపాడిన గుడ్డ: ఉతికి వాడుకునే అండర్‌ప్యాడ్‌తో పది నెలలు

మా ఆవిడకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. చేయీ కాలూ కొంతవరకు స్వాధీనంలోకి వచ్చాయి గాని మూత్రం మీద పట్టు మాత్రం తిరిగి రాలేదు. వస్తోందని తెలిసేసరికే వచ్చేస్తుంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మేమిద్దరమే ఉంటాము కాబట్టి మంచం, గుడ్డలు, గచ్చు శుభ్రం చేసే పని నాదే. ఇందుకోసం కొన్న సరుకులలో డబ్బు దండగ అనిపించినవే ఎక్కువ. ఉతికి వాడుకునే అండర్‌ప్యాడ్, అంటే పడుకున్న మనిషి కింద పరుపు మీద పరిచే తడి పీల్చే మందపాటి గుడ్డ, ఒక్కటే ఇంకొకరికి చెప్పదగినదిగా తోచింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇది పేరు చూసి కాక లక్షణాలు చూసి కొనవలసిన వస్తువు.

మొదట్లో ఆసుపత్రిలో చూసిన అలవాటు కొద్దీ రబ్బరు షీటు పరిచి, దానిమీద పాత నేత చీరను నాలుగు మడతలు వేసేవాణ్ణి. చీర తడిని పీల్చుకుంటుంది గాని తనలో దాచుకోదు. రబ్బరు మీద నిలిచిన తడి ఆమె వీపు కిందికి పాకేది, దానికి చెమట తోడయ్యేది. ఒకరాత్రి షీటు పక్కకు జరిగి బూరుగుదూది పరుపు తడిసింది. నాలుగు రోజులు డాబా మీద ఎండబెట్టినా, ముసురు పట్టగానే వాసన మళ్లీ పైకి వచ్చేది. చివరకు ఆ పరుపును వదిలించుకున్నాము. తరువాత డయాపర్లకు మారాము. రోజుకు మూడు చొప్పున, ఒక్కొక్కటి 35 రూపాయల లెక్కన, నెలకు మూడు వేల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాని, మమ్మల్ని బాధపెట్టింది ఖర్చు ఒక్కటే కాదు. పగలూ రాత్రీ అదే కట్టి ఉంచడం వల్ల తొడల సందుల్లో చర్మం కమిలి పచ్చిపుండయింది. మందుల దుకాణంలో ఆ ప్యాకెట్టును ఏదో చాటుమాటు సరుకైనట్టు పాత పేపరులో చుట్టి ఇచ్చేవారు. అది మర్యాద కోసమే కావచ్చు, నాకు మాత్రం ప్రతిసారీ చివుక్కుమనేది.

అండర్‌ప్యాడ్ కోసం ఇక్కడా, సరిహద్దు దాటి పాతపట్నంలోనూ అడిగి, దొరకక ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కొక్కటి 650 రూపాయలు. నాలుగింటికి పెట్టిన 2,600 ఒక నెల డయాపర్ల ఖర్చు కన్నా తక్కువ. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 70. పైన మెత్తటి గుడ్డ, మధ్యలో తడిని పట్టి ఉంచే మందమైన పొర, అడుగున నీరు దిగని పలుచని ప్లాస్టిక్ పొర కలిపి కుట్టారు. రెండు పక్కలా పరుపు కిందికి దోపడానికి గుడ్డ రెక్కలు ఉంటాయి. ఈ రెక్కలు లేని రకం అయిదు వందలకే దొరుకుతుంది, కాని మనిషి పక్కకు తిరిగినప్పుడల్లా అది చుట్టుకుపోతుంది కాబట్టి దానిని కొనవద్దనే చెబుతాను.

లీటరున్నర పీల్చుకుంటుందని ప్యాకెట్టు మీద రాసి ఉంది. నమ్మకం కుదరక కొలత మగ్గుతో అర లీటరు నీళ్లు మెల్లగా పోసి, అయిదు నిమిషాలు ఆగి, పొడి చేతిరుమాలు అదిమి చూశాను. కొద్దిగా చెమ్మ తప్ప తగల్లేదు. మరో అర లీటరు పోసి, మనిషి బరువు ఎలా ఉంటుందో చూద్దామని పది కిలోల బియ్యం సంచీ పెట్టాను. సంచీ తీసేసరికి దాని అడుగు తడిసి ఉంది. అందుచేత లీటరున్నర మాట ఉత్తదే. ఒకటి రెండుసార్లు తడిసే రాత్రికి మాత్రం ఇది సరిపోతుంది, అడుగు పొర నుంచి పరుపు మీదికి ఈ పది నెలల్లో చుక్క దిగలేదు.

ఇక వాసన విషయం. ఇంట్లో కంపు రాకుండా నేను ఫినాయిల్ వేశాను, అగరువత్తులు వెలిగించాను, సాంబ్రాణి పొగ పట్టాను. వాసన మీద వాసన చేరడమే తప్ప ఒరిగిందేమీ లేదు. మూత్రం అప్పుడే వచ్చినప్పుడు అంతగా కంపు కొట్టదు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మార్చినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, అందుకు కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి లోపల తడిని తీసేయడమే అసలు పని. తడిసిన ప్యాడ్‌ను మూలన పడేయకుండా వెంటనే చన్నీళ్లలో జాడించి, అరకప్పు తెల్ల వెనిగర్ కలిపిన బకెట్‌లో అరగంట నానబెట్టి, ఆపై మామూలు సబ్బుపొడితో ఉతుకుతున్నాను. బట్టలు మెత్తబడడానికి వాడే సువాసన ద్రవం వేయకూడదు, అది పోగుల మీద పొరలా పట్టి తడిని పీల్చనివ్వదు. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు. మూత్రంలోని అమోనియాతో గాని, వెనిగర్‌తో గాని, బాత్రూము కడిగే ఆసిడ్‌తో గాని కలిస్తే విషవాయువులు పుడతాయి. మంచం కింద ఎర్రగచ్చు మీద పడినప్పుడు మొదట నీళ్లతో తుడిచి, మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రవం చల్లి పావుగంట అలాగే వదిలేస్తున్నాను. దానిమీద వెంటనే ఫినాయిల్ వేస్తే ఎంజైమ్ పని చెడుతుందన్న సంగతి ఒక సీసా వృథా అయ్యాక తెలిసింది.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. క్రిములు చస్తాయని ఒక ప్యాడ్‌ను సలసల కాగిన నీళ్లలో వేశాను. అడుగు పొర ఉబ్బి, పుల్లట్టు మీద పొక్కుల్లా లేచి, రెండో ఉతుకుకు ఊడిపోయింది. తప్పు నాదే, అయినా ఆ హెచ్చరిక చీటీ మీద చీమ తలకాయంత అక్షరాలలో ఉంది. ఎండలో కూడా ప్లాస్టిక్ వైపు పైకి పెట్టి ఆరవేస్తే అట్టలా బిరుసెక్కుతుంది. గుడ్డవైపే పైకి ఉండాలి.

వానాకాలంలో ఇది పెట్టే కష్టం ఏ వివరణలోనూ రాయరు. మహేంద్రగిరి వైపు మబ్బు దిగిందంటే ఇక్కడ దండెం మీద చేతిగుడ్డ కూడా ఆరదు. ఇంత మందం ప్యాడ్ ఫ్యాను కింద రెండు రోజులు తీసుకుంటుంది, సగం ఆరినది వేస్తే ముక్కిన వాసన కొడుతుంది. శ్రావణంలో మూడుతో నెట్టుకురాలేక ఇంకో మూడు కొన్నాను. మన ప్రాంతంలో ఆరు ఉంటేనే సాగుతుంది, వాషింగ్ మెషీన్ లేనివారు మరీ ఆలోచించుకోవాలి. తడిసిన ప్యాడ్‌ను పిండడం నా వయసు చేతులకు తేలిక కాదు.

పగలు రెండు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, కమోడ్ కుర్చీ మీద కూర్చోబెడుతున్నాను. తడుస్తుందన్న భయంతో ఆమె నీళ్లు తగ్గించేసింది. దానివల్ల మూత్రం చిక్కబడి వాసన ఇంకా పెరిగిందని డాక్టరు మందలించాక మళ్లీ తాగుతోంది. డయాపరు ఇప్పుడు బరంపురం ఆసుపత్రికి వెళ్లే రోజున మాత్రమే. జింక్ ఆక్సైడ్ లేపనం పలుచగా రాస్తూ గాలి తగలనిచ్చేసరికి పుండు మానింది. దసరాకు మనవడు వచ్చి మంచమెక్కి కూర్చుంటే, "ఏమండీ, ఇదివరకైతే వాణ్ణి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు," అన్నది.

రెండోసారి కొన్న మూడూ ముదురు నీలం రంగువి, మరక కనబడదు కదా అని ఎంచుకున్నాను. అది తప్పు. లేత రంగు ప్యాడ్ మీద మూత్రం ముదురు పసుపుగా ఉందా, ఎర్రజీర ఉందా అన్నది పొద్దున్నే తెలుస్తుంది. నీలం మీద ఏమీ తెలియదు. ఈసారి తెల్లవి తెప్పిస్తున్నాను.