కుర్రాళ్లనిచ్చి సీనియర్‌ను తెచ్చుకుంటే: చాప్‌మన్ బేరమా, కింటానా బేరమా?

సీజన్ మధ్యలో బేస్‌బాల్ జట్టు కుర్రాళ్లనిచ్చి సీనియర్‌ను తెచ్చుకునేటప్పుడు ముందు చూడాల్సింది అతని పేరు కాదు, ఒప్పందంలో ఇంకెంత కాలం మిగిలిందన్నది. కొద్ది కాలమే మిగిలినవాణ్ని తెచ్చుకోవడం, ఎక్కువ కాలం మిగిలినవాణ్ని తెచ్చుకోవడం: షికాగో కబ్స్ జట్టు రెండు దారులూ తొక్కింది.

2016 జూలైలో న్యూయార్క్ యాంకీస్ నుంచి క్లోజర్ (మ్యాచ్ చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్) అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చుకుంది. ఒప్పందం ఆ సీజన్ వరకే. బదులుగా నలుగురు వెళ్లారు. వాళ్లలో 19 ఏళ్ల షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాసే ఫీల్డర్) గ్లేబర్ టోరెస్ ఒకడు. ఓడితే ఇంటికే అన్న వరల్డ్ సిరీస్ (టైటిల్‌ను తేల్చే ఫైనల్ సిరీస్) ఐదో మ్యాచ్‌లో చివరి ఎనిమిది అవుట్లూ చాప్‌మన్ ఒక్కడే తీశాడు. 108 ఏళ్ల తర్వాత టైటిల్ దక్కింది. డిసెంబరులో అతను మళ్లీ యాంకీస్‌కే వెళ్లిపోయాడు. సీజన్ మధ్యలో జట్టు మారినవాడికి క్వాలిఫయింగ్ ఆఫర్ (ఒప్పందం ముగిసినవాడికి ఇవ్వజూపే ఏడాది ఒప్పందం; దాన్ని కాదని వేరే జట్టుకు వెళ్తే పాత జట్టుకు పరిహారం దక్కుతుంది) ఇవ్వడం కుదరదు కాబట్టి పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ని ఎంచుకునే అవకాశం) కూడా రాలేదు.

2017 జూలైలో వైట్ సాక్స్ నుంచి స్టార్టర్ (మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచ్చర్) హోసే కింటానాను తెచ్చుకుంది. క్లబ్ ఆప్షన్లతో (ఒప్పందాన్ని పొడిగించాలా వద్దా అన్నది జట్టు ఇష్టం) కలిపి 2020 దాకా తక్కువ జీతానికే ఉంచుకోవచ్చు. కాగితం మీద ఇదే మేలు. ఇచ్చింది మాత్రం ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్, మరో ఇద్దరు. 2022 అమెరికన్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగులో సీస్‌ది రెండో స్థానం.

మొదటి బేరమే సరైనదంటాను. అప్పుడు కబ్స్ తన డివిజన్‌లో (లీగ్‌లోని చిన్న గ్రూపు) ముందుంది, లోటు ఒక్క క్లోజరే. 2017లో సీజన్ మధ్య వచ్చే ఆల్‌స్టార్ విరామానికి 43 గెలిచి 45 ఓడింది. అలాంటి జట్టును ఒక్క స్టార్టర్ నిలబెట్టలేడు.