వీకెండ్ ఫుట్‌బాల్ టోర్నీల్లో విజిల్ పట్టాలా, జెండా పట్టాలా?

హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)లోనో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో శని, ఆదివారాలు రిఫరీగా వెళ్లి నాలుగు పైసలు సంపాదించాలనుకునే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ఖర్చు: విజిల్ పట్టి మైదానం లోపల మ్యాచ్ నడిపే సెంటర్ రిఫరీకి విజిల్, రెండు కార్డులు, వాచీ, చిన్న నోట్‌బుక్ కావాలి. పక్క గీత వెంట ఉండే అసిస్టెంట్ రిఫరీకి, అంటే లైన్ మీద ఉండేవాడికి, జెండా చాలు. మంచి బూట్లు ఇద్దరికీ తప్పవు.

డబ్బు: సెంటర్‌కే ఎక్కువ. మ్యాచ్‌కింతనా, రోజుకింతనా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి, ఫైనల్ అయ్యాక అడిగితే రేపు రమ్మంటారు.

శ్రమ: పెద్ద స్థాయి 90 నిమిషాల మ్యాచ్‌లో సెంటర్ రిఫరీ దాదాపు 10 కిలోమీటర్లు తిరుగుతాడు. లైన్‌లో పరుగు తక్కువే గానీ చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సమానంగా కదులుతూనే ఉండాలి, ఒక్క అడుగు వెనకబడినా ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో అవతలి జట్టు ఆటగాడు బంతినీ, ఆ డిఫెండర్‌నూ దాటి గోల్ వైపు ఉండటం) తప్పు చెప్తాం. మే ఎండలో వరసగా మూడు మ్యాచ్‌లు సెంటర్ చేస్తే మూడో దాంట్లో కాళ్లే కాదు, బుర్ర కూడా పనిచేయదు, అది ఆడే పిల్లలకు అన్యాయం, డబ్బు కోసం అలా ఒప్పుకోకండి.

రిస్క్: పెనాల్టీ ఇస్తే అందరూ చుట్టుముట్టేది సెంటర్‌నే. లైన్‌లో ఉంటే వెనక జనం తిట్లు వినాలి.

కొత్తవాళ్లు, పరీక్షల టెన్షన్ ఉన్నవాళ్లు ఒక సీజన్ జెండా పట్టండి. ఫుట్‌బాల్ 17 నియమాలూ బాగా వచ్చి, అరిచే కెప్టెన్‌తో నెమ్మదిగా మాట్లాడగలిగితే విజిల్ తీసుకోండి.